రెండింట్లో ఒకటి అబద్ధం

"ఒకటా రెండా, నలభై మూడూ దిద్దేశారా అత్తయ్యా?"

వంటింటి బల్ల మీదున్న నోటు పుస్తకాల దొంతర పక్కన నిలబడి చంటి ఆ మాట అడగడం మూడోసారి. మొదటి రెండుసార్లూ అత్తగారు పలకలేదు. టీ నీళ్ళు పొంగబోతుంటే మంట తగ్గించి, గిన్నె మీద మూతపెట్టి, అప్పుడు తాపీగా ఇటు తిరిగింది.

"దిద్దితే తప్పా?"

"తప్పో ఒప్పో తర్వాత. అన్నీ దిద్దారా?"

"సగం దిద్ది సగం వదిలెయ్యడం నాకు చేతకాదమ్మాయ్. ముప్పై రెండేళ్ళు అదే పని చేశాను."

చంటి కుర్చీలో కూలబడింది. ముప్పై ఏళ్ళొచ్చినా పుట్టింటి ముద్దుపేరు ఆమెను వదల్లేదు, అత్తింటికీ వెంటబడి వచ్చింది. బళ్ళో మాత్రం అందరికీ కొత్త టీచరు. చేరి నాలుగు నెలలైంది. ఆ నాలుగు నెలల్లో సెలవురోజు అంటే ఏమిటో మరిచిపోయింది.

నిన్న ఆదివారం భోజనాలయ్యాక ఈ పుస్తకాలు ముందేసుకుని కూర్చుంది. అయిదో తరగతి పిల్లలు రాసిన వ్యాసాలు. 'మా ఇంట్లో ఒక సాయంత్రం' అన్నది విషయం. మొదటి పుస్తకం తెరవడం గుర్తుంది. ఆ తర్వాత గుర్తున్నది భర్త భుజం తట్టడమే. అప్పటికి కిటికీలో ఎండ పోయింది. బల్ల మీద పుస్తకాలు ఒద్దిగ్గా సర్ది ఉన్నాయి. ఎవరో పక్కకు పెట్టారనుకుంది. తెరిచి చూసే ఓపిక లేక, సోమవారం చెప్పాల్సిన పాఠం ప్లాను రాసుకుంటూ కూర్చుంది.

ఇందాక సంచిలో సర్దబోతుంటే ఒక పుస్తకం జారి కింద పడి తెరుచుకుంది. పేజీ నిండా ఎర్ర సిరా.

'చేతిరాత కోడి గీకినట్టుంది.'

ఇంకోటి తెరిచింది. 'ఇది వ్యాసం కాదు, వాగుడు. ఏం చెప్పదలుచుకున్నావో ముందు నీకు తెలియాలి. తెలియనప్పుడు కలం పట్టకు. కాగితం దండగ.'

మరొకటి. 'మీ ఇంట్లో అందరూ సాయంత్రమంతా తింటూనే ఉంటారా?'

"చంటీ, నా టిఫిన్ డబ్బా ఏది?" అంటూ భర్త లోపలికి వచ్చాడు. బస్సు డిపోలో మెకానిక్కు. పొద్దున్న షిఫ్టు. బూట్ల లేసు ఒకటి కట్టి, రెండోది కట్టకుండా తిరుగుతున్నాడు.

"మీకు తెలుసా ఇది?" అని పుస్తకం అతని ముందుకు తోసింది.

అతను చూశాడు. తల్లిని చూశాడు. మళ్ళీ పుస్తకం చూశాడు.

"తెలుసు. దానికేం? నువ్వు పడుకున్నావ్. అమ్మ దిద్దింది. పని తగ్గింది కదా."

"పని తగ్గిందా? ఇవి నా పిల్లల పుస్తకాలండీ. అది నా రాత అనుకుంటారు వాళ్ళు."

"అనుకోనీ. ఏం, బూతులు రాసిందా?"

"బూతులే నయం."

"చూడూ," అతను వంగి రెండో లేసు కట్టుకుంటూ అన్నాడు, "నాలుగు నెలల్నుంచి ఈ ఇంట్లో మాటంటే బడి మాటే. సినిమా లేదు, షికారు లేదు. అన్నం తింటూ కూడా నువ్వు తప్పులే దిద్దుతున్నావ్. నిన్న నా మాటలో కూడా తప్పు పట్టావ్. చేతకాకపోతే మానెయ్. ఎవరు చెయ్యమన్నారు? అంతేగానీ, సాయం చేసిన మనిషి మీద విరుచుకుపడితే ఎలా?"

"చేతకాకపోతేనా?"

అతను నాలిక కరుచుకున్నాడు. కానీ అన్న మాట అన్నదే. డబ్బా సంచిలో పడేసుకుని, "బస్సులు నా కోసం ఆగవు," అని వెళ్ళిపోయాడు. వీధి తలుపు గట్టిగానే పడింది.

వంటింట్లో ఇద్దరే మిగిలారు. టీ పొంగి స్టవ్ మీద పడింది. ఎవరూ తుడవలేదు.

అత్తగారు అంది, "నువ్వు పుస్తకం మీద తల పెట్టి నిద్రపోయావు. చెంప కింద పెన్ను. తీసి చూస్తే చెంప మీద దాని అచ్చు అలాగే ఉండిపోయింది. చూళ్ళేకపోయాను. పిల్ల చచ్చేలా ఉంది, ఆ చాకిరీలో కాస్త నేను చేస్తే పోలా అనుకున్నాను."

ఆ మాట విన్నాక చంటికి కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నేను దిద్దిన పిల్లలు ఇవాళ డాక్టర్లయ్యారు," అంది అత్తగారు, ఇంకాస్త మెల్లిగా. "ఎర్ర సిరాకి ఎవరూ చచ్చిపోలేదు."

చంటి పుస్తకాలు ఒక్కొక్కటే సంచిలో పెట్టుకుంటోంది. ఒక పుస్తకం దగ్గర చెయ్యి ఆగిపోయింది. నీలం అట్ట, మూల చిరిగి ఉంది. అది ముంగి పుస్తకం.

ముంగి అన్నది క్లాసులో పిల్లలు పెట్టిన పేరు. మూడో బెంచీ చివర, గోడవారగా కూర్చుంటుంది. ఈ నాలుగు నెలల్లో చంటి ఆ పిల్ల గొంతు వినలేదు. హాజరు పిలిస్తే చెయ్యెత్తుతుంది. ప్రశ్న అడిగితే తల వంచుకుంటుంది. ఇదివరకు వ్యాసం రాయమంటే రెండు వాక్యాలు రాసి పుస్తకం మూసేసేది. ఈసారి పేజీన్నర రాసింది.

పేజీన్నర మీద అడ్డంగా ఒకే ఎర్రగీత.

పైన ఒకచోట 'మా అమ్మ నెల రోజుల నుంచి బస్టాండు వెనక ఆస్పత్రిలో ఉంది' అని రాసింది పిల్ల. కింద ఇంకోచోట 'రోజూ సాయంత్రం మా అమ్మ నాకు జడ వేస్తుంది. నాన్న కథ చెప్తాడు. ముగ్గురం నవ్వుతాం' అని రాసింది. ఆ రెండు చోట్లా అత్తగారు సున్నాలు చుట్టి, వాటిని కలుపుతూ బాణం గీసి, కింద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది.

'రెండింట్లో ఒకటి అబద్ధం. సరిచూసుకుని మళ్ళీ రాయి.'

చంటి ఆ పేజీ అత్తగారి వైపు తిప్పింది.

"ఈ పిల్ల చేత ఈ మాత్రం రాయించడానికి నాలుగు నెలలు పట్టింది అత్తయ్యా."

అత్తగారు కళ్ళజోడు సవరించుకుని చూసింది. "మాట అతకలేదుగా మరి," అంది. ఆ గొంతులో ఇందాకటి బింకం లేదు. చంటి అది గమనించే స్థితిలో లేదు. సంచి భుజాన వేసుకుని, టీ తాగకుండానే బయల్దేరింది.

*

స్టాఫ్ రూములో ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి రావడం లేదు. చంటి జరిగిందంతా లెక్కల టీచరుకి చెప్పింది. ఆవిడ బళ్ళో పాతికేళ్ళ పాత మనిషి. మొదటి నెలలోనే చంటికి తన పక్క కుర్చీ ఇచ్చింది. ఎవరు ఏడ్చినా వినే ఓపిక ఉన్న మనిషి, కాకపోతే వింటూ వింటూనే లెక్కల పుస్తకాలు దిద్దుకుంటుంది.

"ఆ పిల్ల పుస్తకం ఇప్పుడు ఇవ్వకు. మిగతావాటి సంగతి..." అని ఆవిడ అంటుండగానే గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. హెడ్ మేడమ్.

"టీచర్, అయిదో తరగతి పుస్తకాలు దిద్దడం అయిందా? పోయిన వారం కూడా కాలేదన్నారు."

చంటి లేచి నిలబడింది. హెడ్ మేడమ్ దొంతరలోంచి మూడు పుస్తకాలు లాగి, నిలబడే తిరగేసింది. కనుబొమలు పైకి లేచాయి.

"ఇన్నాళ్ళకి దిద్దడమంటే ఏమిటో తెలిసింది మీకు. ఒక్క కామా వదల్లేదే! నేను మీ మీద ఆశ వదిలేసుకున్నాను తెలుసా? ఆరు నెలల రిపోర్టులో ఏం రాయాలా అని చూస్తున్నాను. ఇప్పుడు నా పని తేలికైంది. ఇవాళే పంచెయ్యండి. ఇళ్ళల్లో చూపించి సంతకాలు చేయించుకు రమ్మనండి."

చెప్పాలి. ఇవి నేను దిద్దలేదు మేడమ్ అని ఇప్పుడే చెప్పాలి. చంటి నోరు తెరిచింది.

"థాంక్యూ మేడమ్."

ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. హెడ్ మేడమ్ వెళ్ళిపోయింది. నాలుగు నెలల్లో దక్కిన మొదటి మెప్పు. అదీ తనది కాదు.

లెక్కల టీచరు చెయ్యి చాపింది. చంటి చేతిలో ఉన్న ప్లాను పుస్తకం లాక్కుని చూసింది.

"ఇదేంటి?"

"ఇవాళ్టి పాఠం ప్లాను."

"ఎన్ని పేజీలు?"

"పదకొండు."

"పీరియడ్ ఎంతసేపు?"

"నలభై నిమిషాలు."

"ఇది చదవడానికే నలభై నిమిషాలు కావాలి కదే తల్లీ! 'నమస్కారం చెప్పిన తర్వాత చిరునవ్వు నవ్వవలెను'... ఇది కూడా రాసుకున్నావా?"

"రాసుకోకపోతే మర్చిపోతున్నాను."

"నవ్వడం మర్చిపోతున్నావంటే ప్లాను తప్పు కాదు, నిద్ర తక్కువైంది," అని ఆవిడ పెన్ను కింద పెట్టింది. లెక్కల టీచరు పెన్ను కింద పెట్టడం చంటి చూడటం అదే మొదలు. "చెప్పు. ఇవాళ గంట కొట్టేసరికి నీ పిల్లలు, ఇప్పుడు చెయ్యలేనిది ఏది చెయ్యగలగాలి?"

"పాఠం అర్థం చేసుకోవాలి, కొత్త పదాలకి అర్థాలు రాయాలి, వ్యాకరణంలో..."

"ఒక్కటి అడిగాను."

చంటి ఆలోచించింది. ఒక్కటి చెప్పడం ఇంత కష్టమని తెలియదు.

"తట్టలేదు కదూ? నీకే తట్టనిది నలభై మూడు బుర్రల్లోకి ఎలా ఎక్కుతుంది? ముందు ఆ ఒక్క వాక్యం రాసుకో. దాని కింద, అది రావడానికి పిల్లలు ఏం చెయ్యాలో రాయి. నువ్వేం చెప్పాలో కాదు, వాళ్ళేం చెయ్యాలో. వచ్చిందో రాలేదో ఎలా కనుక్కుంటావో ఇంకో ముక్క. కాగితం అయిపోతే ఆపెయ్."

"మరి పుస్తకాలు?"

"రోజుకి పది పట్టుకెళ్ళు. వారంలో అందరివీ ఒక చుట్టు వస్తాయి. దొరికిన ప్రతి తప్పూ దిద్దకు. ఆ వారం ఏం నేర్పావో అది మాత్రం చూడు."

"మిగతా తప్పులు?"

"ఎక్కడికి పోతాయే అవి? వచ్చే వారం కూడా అక్కడే ఉంటాయి." ఆవిడ మళ్ళీ పెన్ను తీసుకుంది. "నేనూ మొదటి ఏడాది నలభై పుస్తకాలు మోసుకెళ్ళి, బాత్రూములో కూర్చుని ఏడ్చేదాన్ని. మా ఇంట్లోవాళ్ళు కడుపునొప్పి అనుకునేవాళ్ళు."

చంటికి నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గంట కొట్టారు.

*

పుస్తకాలు పంచింది. నీలం అట్ట పుస్తకం మాత్రం బల్ల సొరుగులో ఉంచేసింది.

మామూలుగా పుస్తకాలు ఇస్తే క్లాసు చేపల బజారులా ఉంటుంది. ఇవాళ పేజీలు తిప్పిన చప్పుడు తర్వాత ఒక్కొక్క బెంచీ నిశ్శబ్దమైపోయింది. ఒక పిల్ల పుస్తకం మూసి ఒళ్ళో దాచుకుంది. చివరి బెంచీలో ఎవరో ముక్కు ఎగబీల్చారు.

మొదటి బెంచీ వాగుడుకాయ లేచి నిలబడ్డాడు. వాడు లేచాడంటే ఏదో ఒకటి అడిగితీరతాడు.

"టీచర్, ఇది మీ రాత కాదు."

"ఎలా తెలుసు?"

"మీరు 'క' ఇలా రాయరు. ఇంకా, మీరు నన్ను వాగుడు అనరు. 'తర్వాత మాట్లాడుకుందాం కూర్చో' అంటారు."

అందరూ ఆమెనే చూస్తున్నారు. అబద్ధం ఆడటం తేలిక. నాదే అంటే అయిపోతుంది. ఇందాక హెడ్ మేడమ్ దగ్గర మాట అలాగే జారిపోయింది. రెండోసారి నోరు రాలేదు.

"నాది కాదు," అంది చంటి. "నిన్న దిద్దుతూ దిద్దుతూ నిద్రపోయాను. మా అత్తయ్య ముప్పై రెండేళ్ళు టీచరు. నా మీద జాలిపడి ఆవిడ దిద్దారు. నేను చూసుకోకుండా తెచ్చాను. తప్పు నాది."

"టీచర్లు కూడా నిద్రపోతారా?" అన్నారెవరో. ఇద్దరు ముగ్గురు కిసుక్కుమన్నారు.

పదకొండు పేజీల ప్లాను బల్ల మీద ఉంది. చంటి దాన్ని మూసేసింది. బోర్డు వైపు తిరిగి ఒక్క వాక్యం రాసింది. 'మనది తప్పని ఎవరైనా అంటే, మన మాట మర్యాదగా చెప్పగలగాలి.'

"ఎర్ర సిరాతో రాసింది చదవండి. అది సరైనదే అనిపిస్తే ఎందుకో రాయండి. కాదనిపిస్తే ఎందుకు కాదో రాయండి. ఆవిడ పెద్దావిడ. మర్యాద తగ్గకూడదు. కానీ భయపడక్కర్లేదు."

"ఆవిడ చదువుతారా?" అన్నాడు వాగుడుకాయ.

"చదువుతారు."

వాడు వెంటనే కూర్చుని పెన్ను నోట్లో పెట్టుకున్నాడు. ఒక్కొక్కరే తలలు వంచారు. ఇన్నాళ్ళూ తను గొంతు చించుకుంటేగానీ దొరకని నిశ్శబ్దం ఇది. చంటి బెంచీల మధ్య నడుస్తోంది. కాళ్ళు లాగుతున్నాయి, అయినా కూర్చోబుద్ధి కాలేదు.

"టీచర్."

సన్నటి గొంతు. ఎవరిదో ఆమెకు వెంటనే తెలియలేదు. తలలన్నీ మూడో బెంచీ వైపు తిరిగాక తెలిసింది.

"నా పుస్తకం ఇవ్వలేదు."

ముంగి నిలబడి ఉంది. రెండు చేతులూ బెంచీ అంచుని పట్టుకుని ఉన్నాయి.

ఈ గొంతు కోసం నాలుగు నెలలు చూసింది చంటి. సొరుగు దగ్గరికి వెళ్ళింది. తీసింది. ఇవ్వాలా, రేపిస్తానని దాటెయ్యాలా అన్నది ఆ నాలుగడుగుల్లోనే తేల్చుకోవాల్సి వచ్చింది. పిల్ల పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఇందులో ఒక మాట రాసి ఉంది. నేను రాయలేదు. నాకు నచ్చలేదు కూడా. ఇప్పుడు చదవకపోయినా పర్వాలేదు."

పిల్ల పుస్తకం తీసుకుంది. చదివింది. బాణం మీద వేలు పెట్టి, పైనుంచి కిందికి, కిందినుంచి పైకి రెండుసార్లు నడిపింది. ముఖంలో ఏమీ కనిపించలేదు. తర్వాత పెన్సిలు తీసి, పుస్తకానికి చెయ్యి అడ్డం పెట్టుకుని రాసుకుంది.

గంట కొట్టేసరికి నలభై ముగ్గురూ రాశారు. చంటి పది పుస్తకాలు మాత్రం సంచిలో వేసుకుంది. నీలం అట్టది అందులో ఒకటి. మిగతావి బీరువాలో పెట్టి తాళం వేసింది. ఆ తర్వాత మూడు క్లాసులు వరసగా ఉన్నాయి, తెరిచి చూసే తీరిక దొరకలేదు.

వాగుడుకాయ నోరు మధ్యాహ్నం భోజనాల గంట దాకా కూడా ఆగలేదు, సంగతి బడంతా పాకింది. సాయంత్రం చంటి సంతకం పెట్టి బయటికి వస్తుంటే, ఆఫీసు ఆయా మడత కాగితం చేతికిచ్చింది. హెడ్ మేడమ్ రాత.

'పుస్తకాలు దిద్దింది మీరు కాదని తెలిసింది. రేపు ఉదయం తొమ్మిది గంటలకు రాతపూర్వకంగా సంజాయిషీతో నా గదికి రండి.'

*

"సంచి తేలిగ్గా ఉందే," అంది అత్తగారు తలుపు తీస్తూ.

"పదే తెచ్చాను."

"మిగతావి?"

"రేపు పది. ఎల్లుండి పది."

పొద్దున్న టీ పొంగిన స్టవ్ తళతళా తోమి ఉంది. చంటి చెప్పులు విడిచి బల్ల దగ్గర కూర్చుంది. ఒళ్ళంతా తడిసిన గుడ్డలా బరువుగా ఉంది. సంజాయిషీ రాయాలి. రేపటి ప్లాను రాయాలి. ముందేది రాయాలో తేల్చుకోవడానికి కూడా శక్తి లేదు.

అత్తగారు టీ గ్లాసు తెచ్చి ముందు పెట్టి, ఎదురు కుర్చీలో కూర్చుంది.

"ఏమన్నారు పిల్లలు?" అని అడిగింది.

చంటి పుస్తకాలు అటు జరిపింది. "మీకు జవాబులు రాశారు."

"నాకా?"

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుంది. మొదటి పుస్తకం వాగుడుకాయది. పైకే చదివింది. "'గౌరవనీయులైన పెద్ద టీచరు గారికి, నాది వాగుడు అని రాసిన చోట మీరు కూడా నాలుగు లైన్లు రాశారు. నేను రాసింది ఆరు లైన్లే. ఇట్లు, మీ విధేయుడు.'"

ఆవిడ పెదవులు బిగబట్టింది. ఎంత ఆపుకున్నా భుజాలు కదిలాయి. "గడుగ్గాయి!" అంది.

తర్వాతది. "'అవునండీ, మేం సాయంత్రమంతా తింటూనే ఉంటాం. మా అమ్మ హోటల్లో పనిచేస్తుంది. అందరం ఇంట్లో ఉండేది అప్పుడే. అందుకని తొందరగా లేవం.'"

ఈసారి నవ్వలేదు. ఆ పుస్తకం మూసి, అట్టని చేత్తో ఒకసారి నిమిరి, పక్కన పెట్టింది. మూడోది, నాలుగోది చదివింది. నీలం అట్ట పుస్తకం చేతికి వచ్చేసరికి ఆగింది.

"నువ్వు చదివావా ఇది?"

"లేదు. తీరిక కాలేదు."

"నువ్వే చదువు," అని ఇచ్చేసింది.

చంటి తెరిచింది. ఎర్ర అక్షరాల కింద పెన్సిలు రాత. నొక్కి నొక్కి రాసింది.

"'టీచరు గారికి, రెండూ నిజమే. మా అమ్మ ఆస్పత్రిలోనే ఉంది. బడి అయ్యాక నాన్న నన్ను అక్కడికి తీసుకెళ్తాడు. అమ్మ మంచం మీద కూర్చుని జడ వేస్తుంది. ఏడు గంటలకి నర్సు అక్క వెళ్ళిపొమ్మంటుంది. మా ఇంట్లో సాయంత్రం గురించి రాయమన్నారు. సాయంత్రం మేం ముగ్గురం ఉండేది అక్కడే కాబట్టి అది రాశాను. రేపు పొద్దున్న అమ్మకి ఆపరేషన్. రేపు నేను బడికి రాను. సెలవు ఇవ్వగలరు.'"

చంటి పుస్తకం బల్ల మీద పెట్టింది.

అత్తగారు కళ్ళజోడు తీసింది. తుడవలేదు, ఊరికే చేత్తో పట్టుకుంది.

"నేనడగలేదు," అంది. "ఎక్కడ జడ వేస్తుందమ్మా అని ఒక్క మాట రాసి ఉంటే సరిపోయేది. ముప్పై రెండేళ్ళల్లో ఇలా ఎంతమంది రాతలు కొట్టేశానో."

చంటికి ఓదార్చాలనిపించింది. పొద్దున్నైతే దెప్పిపొడవాలనిపించేది. ఇప్పుడు రెండింటికీ ఓపిక లేదు. హెడ్ మేడమ్ కాగితం తీసి బల్ల మీద పెట్టింది. అత్తగారు చదివింది.

"నా వల్లేనా?"

"నేను నోరు మూసుకున్నందువల్ల. అడిగినప్పుడే చెప్పి ఉండాల్సింది."

"ఏం రాస్తావు?"

"తెలీదు అత్తయ్యా. ముందు రాయాలి. తర్వాత రేపటి పాఠం. తర్వాత ఈ పది."

అత్తగారు గోడ గడియారం చూసింది. ఆరు కావడానికి ఇంకా ఐదు నిమిషాలుంది. లేచి లోపలికి వెళ్ళింది. చంటి తెల్ల కాగితం తీసి 'గౌరవనీయులైన' అని రాసి ఆగింది. ఆ తర్వాత మాట రాలేదు. లోపల బీరువా తలుపు చప్పుడు. తిరిగొచ్చేసరికి అత్తగారు బయటికి వెళ్ళే బట్టల్లో ఉంది. కాళ్ళకు చెప్పులు కూడా ఉన్నాయి.

"ఎక్కడికి?"

"బస్టాండు వెనక ఆస్పత్రికి. ఏడింటికి వెళ్ళిపొమ్మంటారని రాసింది కదా. రేపు ఆ పిల్ల బడికి రాదు. ఆపరేషన్ ముందు రోజు ఆ పిల్ల ఈ మాట మోసుకు తిరగడం నాకు ఇష్టం లేదు."

"మీరు ఎవరో వాళ్ళకి తెలీదు. వాళ్ళు ఏ స్థితిలో ఉన్నారో మనకి తెలీదు. ఇప్పుడు వెళ్ళి ఏం చెప్తారు?"

"అదే దారిలో ఆలోచిస్తాను. నువ్వు రాసుకో. నేను వెళ్ళగలను."

చంటి కాగితం వైపు చూసింది. ఒక్క మాట. రేపు తొమ్మిదింటికి ఆ గదిలో నిలబడాలి. ఇప్పుడు రాసుకోకపోతే రాసే సమయం ఉండదు. ఇవాళ చెయ్యాల్సిన పనుల్లో ఒక్కటి మాత్రమే జరిగేలా ఉంది.

కాగితం మడిచి ప్లాను పుస్తకంలో పెట్టింది. "ఆగండి. నేనూ వస్తాను."

బస్సులో ఇద్దరికీ పక్కపక్కనే సీట్లు దొరికాయి. ముంగి తన పుస్తకం తనే అడిగి తీసుకున్న సంగతి చంటి దారిలో చెప్పింది. అయిదో స్టాపులో అత్తగారు, "చెయ్యెత్తి మాట్లాడిందన్నావు కదూ?" అని అడిగింది. "నిలబడి మాట్లాడింది," అంది చంటి. ఆవిడ మళ్ళీ కిటికీ వైపు తిరిగింది.

ఆస్పత్రిలో ఆడవాళ్ళ వార్డు రెండో అంతస్తు. మెట్లెక్కేసరికి అత్తగారికి ఆయాసం వచ్చి, రెయిలింగు పట్టుకుని నిలబడింది. గోడ గడియారంలో ఆరున్నర దాటింది. గుమ్మంలోంచే కనిపించారు. కిటికీ పక్క మంచం మీద ఒక బక్కపల్చటి మనిషి దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. ఆమె వైపు వీపు పెట్టి ముంగి. సగం అల్లిన జడ. స్టూలు మీద తండ్రి.

పిల్ల ముందు టీచరుని చూసింది. కళ్ళు పెద్దవయ్యాయి. తర్వాత వెనక నిలబడ్డ పెద్దావిణ్ణి, ఆవిడ కళ్ళజోడుని చూసింది.

"టీచర్, ఈవిడేనా?"

చంటి తలూపింది. పిల్ల తల దించుకుంది. మంచం మీది మనిషి వేళ్ళు జడలోనే ఆగిపోయాయి. తండ్రి స్టూలు మీంచి లేచాడు. కూర్చోమనడానికి లేవలేదని వాళ్ళిద్దరికీ అర్థమైంది.

"మా పిల్ల అబద్ధం ఆడదండీ," అన్నాడు, గొంతు పెంచకుండా. "మాకు రేపు ఆపరేషను. ఇందాకటి నుంచి ఒకటే అడుగుతోంది, నాన్నా నేను అబద్ధం రాశానా అని."

"లేదు బాబూ. అది చెప్పడానికే వచ్చాను," అంది అత్తగారు. ఒక అడుగు ముందుకు వేసింది.

"మాకు చెప్పి ఏం లాభం?" అంది మంచం మీది మనిషి. గొంతు నీరసంగా ఉంది. "దానికి చెప్పండి."

అత్తగారు మంచం దగ్గరికి వచ్చి వంగింది. "అమ్మా," అని పిలిచింది. మరోసారి పిలిచింది.

ముంగి తల ఎత్తలేదు.